ఆన్‌లైన్ టెండర్లు: వరంగల్ చుట్టుపక్కల చిన్న సప్లయర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ములుగు రోడ్డులో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. బడులకు డ్యూయల్ డెస్కులు, ఆఫీసులకు ఇనుప ర్యాకులు, బీరువాలు చేస్తాం. ప్రభుత్వానికి సరుకు అమ్మడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. పరకాల, జనగామ, భూపాలపల్లి నుంచి తెలిసినవాళ్లు, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి టెండర్ల గురించి అడుగుతుంటారు. ధర దగ్గర ఓడిపోయినవాళ్ల కంటే కాగితాల దగ్గర, కంప్యూటర్ దగ్గర ఆగిపోయినవాళ్లే నాకు ఎక్కువమంది కనిపించారు. చేతిలో మంచి పని ఉండి కూడా ఒక్క స్కాన్ కాపీ తక్కువై వెనక్కి వచ్చేవాళ్లను చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. అందుకే ఫోన్‌లో చెప్పేవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

అసలు టెండర్లను కంప్యూటర్లోకి ఎందుకు మార్చారు? పాత పద్ధతిలో ఏం తప్పు జరిగేది?

ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ 2003లో మొదలైంది. అంతకు ముందు టెండర్ వేయాలంటే ఆఫీసుకు వెళ్లి షెడ్యూల్, అంటే టెండర్ ఫారం, కొనాలి. అడిగితే "అయిపోయినయి, రేపు రండి" అనేవాళ్లు. షెడ్యూల్ దొరికినా దాన్ని పెట్టెలో వేయాలి కదా, అసలు కష్టం అక్కడే. మా బాబాయి సివిల్ పనులు చేసేవాడు. ఆయన చెప్పిన ఒక సంగతి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఆఫీసు వరండాలో తాళం వేసిన చెక్క పెట్టె. దానికి పది అడుగుల దూరంలో బెంచీ మీద నలుగురు మనుషులు. ఈయన చేతిలో కవరు చూసి ఒకాయన లేచి వచ్చి, భుజం మీద చెయ్యేసి "ఈసారి ఇది మనోళ్లది, నువ్వు పక్కకుండు" అన్నాడట. కొట్టలేదు, తిట్టలేదు. బాబాయి కవరు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

ఇలా కాంట్రాక్టర్లు ముందే మాట్లాడుకోవడాన్నే రింగు అంటారు. టెండర్ ఆన్‌లైన్‌లోకి వచ్చాక షెడ్యూల్ ఎవరైనా, ఎక్కడి నుంచైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పెట్టె ముందు నిలబడి ఆపే మనిషి ఇక లేడు. ఎన్ని లోపాలున్నా ఈ ఒక్క మార్పు కోసమైనా నేను ఈ పద్ధతి వైపే ఉంటాను.

ఏ టెండర్ ఎక్కడ వస్తుంది? ఒక్క పోర్టల్ చూస్తే సరిపోదా?

సరిపోదు. కొనేది ఎవరన్న దాన్ని బట్టి పోర్టల్ మారుతుంది. మున్సిపల్ కార్పొరేషన్, ఆర్ అండ్ బీ, ఇరిగేషన్ లాంటి రాష్ట్ర శాఖల టెండర్లకు తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ చూడాలి. కాజీపేట రైల్వే వాళ్లు కొనేదానికి రైల్వేల సొంత పోర్టల్ ఐరెప్స్ ఉంది. వరంగల్ నిట్, రామగుండం ఎన్టీపీసీ లాంటి కేంద్ర సంస్థల టెండర్లు కేంద్ర ప్రభుత్వ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లోనో, జెమ్‌లోనో దొరుకుతాయి. సింగరేణి టెండర్లు కూడా ఆన్‌లైన్‌లోనే ఉంటాయి.

మీరు అమ్మేది ఎవరు కొంటారో ముందు ఆలోచించి, ఆ రెండు మూడు పోర్టళ్లే రోజూ పొద్దున ఓ పావుగంట చూడండి. అన్నింటిలో రిజిస్టర్ అయి ఏదీ చూడకపోతే లాభం లేదు.

జెమ్ అంటే ఏమిటి? టెండర్ పోర్టల్‌కూ దానికీ తేడా ఏంటి?

జెమ్ అంటే గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్. 2016 ఆగస్టులో మొదలైంది. అంతకు ముందు కేంద్రానికి సరుకుల కొనుగోలు చూసిన డీజీఎస్ అండ్ డీ అనే పాత విభాగాన్ని 2017 అక్టోబరు 31న మూసేశారు. జెమ్‌లో దొరికే సరుకులు, సేవలు కేంద్ర శాఖలు అక్కడే కొనాలని 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనల్లో 149వ నిబంధన చెబుతుంది.

వాడేవాడికి తేడా సులువుగా తెలుస్తుంది. టెండర్ పోర్టల్‌లో వాళ్లు అడిగినప్పుడు మనం ధర వేస్తాం. జెమ్‌లో ముందే మన సరుకు ఫొటో, కొలతలు, ధర పెట్టి దుకాణం తెరుచుకుని కూర్చుంటాం. చిన్న మొత్తమైతే ఆఫీసు నేరుగా ఆర్డర్ పెడుతుంది. ఇంకాస్త పెద్దదైతే వేర్వేరు తయారీదారుల ధరలు పోల్చి తక్కువదానికి ఇస్తుంది. ఇంకా పెద్దదైతే బిడ్లు, అంటే పోటీ ధరలు, పిలుస్తుంది. రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు. "జెమ్ చేయించి పెడతాం, ఐదు వేలు" అంటే అది ఆ మనిషి కూలి, ప్రభుత్వ ఫీజు అనుకోకండి.

డిజిటల్ సంతకం తప్పనిసరా? దాన్ని ఎలా తీసుకోవాలి?

జెమ్‌లో దుకాణం తెరవడానికి అక్కర్లేదు. టెండర్ పోర్టళ్లలో బిడ్ వేయడానికి కావాలి. క్లాస్ 3 సర్టిఫికెట్ తీసుకోండి. క్లాస్ 2 ఇవ్వడం 2021 జనవరి నుంచి ఆపేశారు. అడిగేటప్పుడు "సైనింగ్, ఎన్‌క్రిప్షన్ రెండూ" అని గట్టిగా చెప్పండి. సైనింగ్ సంతకానికి, ఎన్‌క్రిప్షన్ ధరకు తాళం వేయడానికి. సైనింగ్ ఒక్కటే తీసుకుని, ధర వేసే రోజున ఎన్‌క్రిప్షన్ లేదని టెన్షన్ పడ్డవాళ్లు ఉన్నారు. పాన్, ఆధార్, మొబైల్, చిన్న వీడియో వెరిఫికేషన్‌తో పని అయిపోతుంది. సర్టిఫికెట్ ఒక యూఎస్‌బీ టోకెన్‌లో వస్తుంది. మనవాళ్లు డోంగిల్ అనేది దాన్నే. గడువు తేదీని దాని మీదే స్టిక్కర్ వేసి రాసుకోండి.

టెండర్లు వేసిపెట్టే షాపతని దగ్గర నా డోంగిల్ ఉంచేశాను. ఫరవాలేదా?

ఈ రోజే వెళ్లి తెచ్చుకోండి. సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం ఎలక్ట్రానిక్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఉంది. ఆ కీ మీ అదుపులో ఉండేలా చూసుకోవాల్సిన బాధ్యత మీదేనని అదే చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. అంటే మీ డోంగిల్‌తో ఎవరు ఏ ధర వేసినా అది మీరు వేసినట్టే. చెక్‌బుక్కులో అన్ని కాగితాల మీదా సంతకం చేసి పక్కవాడికి ఇచ్చి వస్తామా?

ఇంకో సంగతి కూడా ఉంది. ఒకే షాపులో అదే పనికి మీదీ, మీ పోటీదారుదీ ఇద్దరి బిడ్లూ తయారవుతుంటే మీ ధర మీ దగ్గరే ఉంటుందన్న నమ్మకం ఏముంది? కాగితాలు స్కాన్ చేయించుకోండి, కూలి ఇవ్వండి. ధర గడిలో అంకె మాత్రం మీ వేలితో మీరే కొట్టండి.

ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే ధరావతు కట్టక్కర్లేదంటున్నారు. నిజమేనా?

కొంతవరకు నిజం. ఉద్యం అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు. ధరావతు అంటే బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్. ఎంతవరకో తెలియకుండా ధరావతు కట్టకపోతే బిడ్ పోతుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల కోసం 2012లో వచ్చిన కొనుగోలు విధానం ప్రకారం వాళ్లకు ధరావతు మినహాయింపు ఉంది, టెండర్ పత్రాలు ఉచితం. మొత్తం కొనుగోలులో 25 శాతం వాళ్ల దగ్గరే కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు, 3 శాతం మహిళల యూనిట్లకు. మీ ధర అతి తక్కువ ధర కంటే 15 శాతం లోపు ఎక్కువగా ఉంటే, ఆ ధరకు దిగివచ్చి ఆర్డర్‌లో వాటా తీసుకునే అవకాశం కూడా ఉంటుంది.

ఇక్కడ రెండు మెలికలు చూసుకోవాలి. మొదటిది, ఇది కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు పెట్టిన విధానం. రాష్ట్ర శాఖల టెండర్‌లో ఆ డాక్యుమెంట్ ఏం చెబితే అదే లెక్క. సింగరేణిలో రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం వాటా. కాబట్టి ఊహించుకోకుండా టెండర్ చదివి చూసుకోండి. రెండోది, కొని అమ్మే వ్యాపారులను 2021 జులైలో ఉద్యంలో చేర్చుకున్నారు గానీ అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే. ధరావతు మినహాయింపు తయారీదారులకు, సేవలు అందించేవాళ్లకే. చౌరస్తాలో స్టేషనరీ దుకాణం ఉన్నాయన ఉద్యం కాగితం జతచేసి ధరావతు కట్టకపోతే బిడ్ రిజెక్ట్ అవుతుంది. ఆ కాగితం చేతిలో ఉన్నందుకు ఆయన నిశ్చింతగా ఉంటాడు, అదే బాధ.

టెండర్ డాక్యుమెంట్ ఎనభై పేజీలుంది, అదీ ఇంగ్లిష్‌లో. అంతా చదవాలా?

మొదటిసారి చదవాలి. రెండు మూడు టెండర్లయ్యాక చాలా పేజీలు అవే అని మీకే తెలుస్తుంది. పెన్ను పట్టుకుని వీటి కింద గీత గీయండి: చివరి తేదీ, సమయం, ధరావతు ఎంత, ఏ రూపంలో, ఎన్నేళ్ల టర్నోవర్ అడిగారు, ఇంతకు ముందు చేసిన పని ఎంత ఉండాలి, జతచేయాల్సిన కాగితాలు, సరుకు ఎక్కడ దించాలి. ఈ ఆఖరిదాన్ని చాలామంది వదిలేస్తారు. "వరంగల్‌లో సప్లై" అనుకుని ధర వేస్తే, లోపలి పేజీలో ఏటూరునాగారం, మంగపేట వైపు బడుల పట్టిక ఉంటుంది. ఒక్కో బడిలో ఆరేసి డెస్కులు దించాలంటే డీసీఎం కిరాయి, హమాలీ ఖర్చు ఎంతవుతుందో లెక్కేసుకోండి.

ఆ తరవాత కారిజెండం, అంటే సవరణ, వచ్చిందేమో రెండు రోజులకోసారి చూడాలి. తేదీ మారొచ్చు, కొలత మారొచ్చు. పాత కొలతకు ధర వేస్తే ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

ధర వేసే ఎక్సెల్ షీట్‌లో ఎక్కువగా ఏం తప్పులు జరుగుతాయి?

ఫైల్ పేరు మార్చడం, గడులు కలపడం, కొత్త వరుస చేర్చడం. పోర్టల్ ఆ ఫైల్‌ని తీసుకోదు. ధర ఒక్కోదానికా, మొత్తానికా, జీఎస్టీతోనా, విడిగానా అన్నది గడి పైన రాసే ఉంటుంది. నింపాక కింద అక్షరాల్లో వచ్చే మొత్తాన్ని పైకి చదవండి. పక్కన ఇంకొకరుంటే వాళ్లతో చదివించండి. సున్నా ఎక్కువైతే కంటికి కనిపించకపోయినా చెవికి తెలుస్తుంది.

చివరి రోజున వేస్తే ఏమవుతుంది? గడువు సాయంత్రం వరకు ఉంటుంది కదా?

నా సొంత అనుభవమే చెబుతాను. కేంద్ర పోర్టల్‌లో ఒక ఫర్నిచర్ టెండర్, గడువు మూడు గంటలకు. రెండున్నరకల్లా నా కాగితాలన్నీ అప్‌లోడ్ అయ్యాయి. ఒక్కో దాని పక్కన పచ్చ టిక్కు కనిపిస్తోంది. అయిపోయిందనుకుని డోంగిల్ తీసి జేబులో వేసుకుని షెడ్డుకు వెళ్లిపోయాను. వారం తరవాత టెక్నికల్ బిడ్లు, అంటే అర్హత కాగితాలు, తెరిస్తే జాబితాలో నా పేరే లేదు. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే ఆ అమ్మాయి అడిగింది: "సార్, ఫ్రీజ్ బిడ్ సబ్మిషన్ నొక్కారా?" నొక్కలేదు. ఆ పేజీలో అన్నింటికన్నా కింద ఉండే బటన్ అది. అది నొక్కితేనే బిడ్ లోపలికి వెళ్తుంది, బిడ్ ఐడీ, సమయం ఉన్న రసీదు వస్తుంది. అంతవరకు మన కాగితాలన్నీ గుమ్మం బయటే ఉన్నట్టు. ఆ పని కోసం ముందే పైపు కొని పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి రసీదు ప్రింట్ చేతికి రాకుండా కుర్చీలోంచి లేవను.

కాబట్టి గడువుకు రెండు రోజుల ముందే వేసేయండి. గడువు లోపల బిడ్ మార్చి మళ్లీ వేసే వీలు మామూలుగా ఉంటుంది. లెక్కలోకి వచ్చేది పోర్టల్ పైన కనిపించే సర్వర్ గడియారమే, మీ చేతి గడియారం కాదు.

ముందే వేస్తే మా ధర ఆఫీసువాళ్లు చూసి వేరేవాళ్లకు చెప్పరా?

అందరికీ ఉండే భయమే ఇది. ధర ఫైల్ మీ కంప్యూటర్‌లోంచి వెళ్లేటప్పుడే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. తెరవడానికి నియమించిన అధికారుల డిజిటల్ కీలు కావాలి, ఒక్కరి కీతో తెరుచుకోకుండా సాధారణంగా ఇద్దరివి పెడతారు. పెట్టిన సమయానికి ముందు అది తెరుచుకోదు. ధర బయటికి పొక్కిందంటే ఎక్కువసార్లు అది మన నోటి నుంచో, డోంగిల్ ఉంచిన షాపు నుంచో వెళ్లి ఉంటుంది.

రెండు కవర్ల పద్ధతి కూడా ఇందుకే పెట్టారు. ముందు టెక్నికల్ కవర్ తెరుస్తారు. అందులో అర్హులైనవాళ్ల ధరలే తరవాత తెరుస్తారు.

అయితే ఇప్పుడు రింగు లేదంటారా?

అలా అంటే అబద్ధమవుతుంది. పెట్టె దగ్గర ఆపడం పోయింది, ఫోన్‌లో మాట్లాడుకోవడం పోలేదు. ఇంకో దారి కూడా ఉంది, షరతులే ఒకరికి సరిపోయేలా రాయడం. అవసరం లేని సర్టిఫికెట్ అడగడం, చిన్న పనికి పెద్ద టర్నోవర్ పెట్టడం అలాంటివే. కంప్యూటర్ రాసిన షరతును అమలు చేస్తుంది గానీ అది న్యాయమైనదా అని అడగదు. ఆ అడిగే పని మనదే. బిడ్లకు ముందు సందేహాల కోసం పెట్టే ప్రీ-బిడ్ మీటింగ్‌కు వెళ్లండి, వెళ్లలేకపోతే మెయిల్‌లో రాసి పంపండి. "ఈ షరతు వల్ల చిన్న యూనిట్లు పాల్గొనలేవు, సడలించండి" అన్న రెండు వాక్యాలు చాలు. జవాబు ఇవ్వాల్సి వస్తుంది, అదీ అందరికీ కనిపించేలా.

కుమ్మక్కై ధరలు వేయడం కాంపిటీషన్ చట్టం, 2002 కింద నేరుగా నిషేధం. ఏ కంప్యూటర్ నుంచి, ఎన్ని గంటలకు బిడ్ వచ్చిందో పోర్టల్‌లో నమోదై ఉంటుంది. పెట్టెలో పడ్డ కవరు మీద ఆ ఆనవాళ్లు ఉండేవి కావు. టెండర్ ముగిశాక ధరల పోలిక పట్టిక కోసం పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

రివర్స్ ఆక్షన్‌లో ఎలా నిలబడాలి?

రివర్స్ ఆక్షన్ అంటే అమ్మేవాళ్లు ఆన్‌లైన్‌లో ఒకరికంటే ఒకరు ధర తగ్గించుకుంటూ పోయే వేలం. ముందు రోజు రాత్రే పైపు, బోర్డు, పౌడర్ కోటింగ్, కూలి, కిరాయి, పన్ను, బిల్లు వచ్చేదాకా వడ్డీ అన్నీ కలిపి మీ కింది గీత కాగితం మీద రాసి స్క్రీన్ పక్కన అతికించండి. ధరలు నిమిషానికోసారి పడుతుంటే చెయ్యి ఆగదు. ఆ గీత దాటగానే లేచి వెళ్లి టీ తాగండి. నష్టానికి వచ్చిన ఆర్డర్‌ను చేయకపోతే బ్లాక్‌లిస్ట్ భయం, చేస్తే అప్పు.

మేం కొత్తవాడలో జంపఖానాలు నేస్తాం. ఇవన్నీ మాకెందుకు?

మీకే ఎక్కువ కావాలి, అన్నా. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హాస్టళ్లు, శిక్షణ కేంద్రాలు, గెస్ట్‌హౌసులు కొనే సరుకు అది. రాష్ట్ర చేనేత సహకార సంఘం టెస్కో కొనుగోలు ఒక దారి. జెమ్‌లో నేతన్నలూ నేరుగా అమ్మకందారులుగా నమోదు కావచ్చు. మహిళా పారిశ్రామికవేత్తలకు, సంఘాలకు 2019 నుంచి వుమనియా పేరుతో అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. ఫొటో పగటి వెలుతురులో తీయండి. పొడవు, వెడల్పు, బరువు, నూలు రకం రాయండి. ఎక్కడో దూరాన కూర్చుని కొనే ఆఫీసరుకు మీ నేత చేత్తో తాకి చూసే వీలుండదు. ఆ నాలుగు అంకెలే చూస్తాడు.

నేను మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. కంప్యూటర్ వచ్చాక మా పని తగ్గకపోగా రెట్టింపైంది. ఏం చేయాలి?

మీ బాధ నిజమే. ఒకే సరుకు పేరును ఇండెంట్‌లో, పోలిక పట్టికలో, ఆర్డర్‌లో, స్టాక్ రిజిస్టర్‌లో, బిల్లులో ఐదుసార్లు కొడతారు. ఒకసారి నా ఆర్డర్‌లో 120 డెస్కులని ఉంది, స్టాక్ రిజిస్టర్‌లో 102 అని పడింది. బిల్లు ట్రెజరీ నుంచి తిరిగి వచ్చింది. ఆ అంకె సరిచేయడానికి సంతకం, మళ్లీ కవరింగ్ లెటర్. తప్పు ఆ ఉద్యోగిది అనలేను, మధ్యాహ్నం దాకా ఆయన ఇంకో మూడు సీట్ల పని చూస్తున్నాడు. మీ చేతిలో ఉన్న ఉపాయం ఒకటే. వివరాలను ఒక్క షీట్‌లో ఒకసారి కొట్టి, మిగతా అన్నింట్లోకీ అక్కడి నుంచే కాపీ చేయండి.

ఇంకో మనవి, స్పెసిఫికేషన్ గురించి. "మంచి క్వాలిటీ డెస్క్" అని రాస్తే ఏది వచ్చినా తీసుకోవాల్సిందే. 18 గేజ్ పైపు, 18 మిల్లీమీటర్ల బోర్డు, ప్లైవుడ్ అయితే భారతీయ ప్రమాణం ఐఎస్ 303 అని రాస్తే కొలిచి చూసి తిప్పి పంపవచ్చు. సరిగ్గా పని చేసేవాడు బతికేది కూడా అప్పుడే. లేకపోతే పలచటి పైపు పెట్టినవాడే ఎల్-1, అంటే అతి తక్కువ ధరవాడు, అవుతాడు, ఏడాదికి డెస్కు వంగుతుంది, కింద కూర్చునేది పిల్లలు.

పెద్ద కొనుగోలును చిన్న ముక్కలు చేసి కొటేషన్ల మీద నడిపించమని ఎవరైనా అంటే, కేంద్ర నిబంధనల్లో 157వది దాన్ని ఒప్పుకోదని గుర్తుంచుకోండి. ఆడిట్‌లో ఆ బిల్లులు వరసగా ఒకే తేదీతో కనిపిస్తాయి.

తక్కువ ధర మాదే, అయినా రిజెక్ట్ చేశారు. ఏం చేయాలి?

పోర్టల్‌లో కారణం రాసి ఉంటుంది, ముందు అది చదవండి. జెమ్‌లో టెక్నికల్‌గా తప్పిస్తే అభ్యంతరం చెప్పడానికి రెండు రోజులే ఉంటాయి. అందుకే బిడ్ వేశాక కూడా రోజూ లాగిన్ కావాలి. ధరావతు కట్టి ఉంటే, కేంద్ర నిబంధనల ప్రకారం ఓడినవాళ్లకు కాంట్రాక్టు ఇచ్చిన 30 రోజుల్లోపు తిరిగి ఇవ్వాలి.

సరుకు ఇచ్చి నెలలైంది, బిల్లు రాలేదు. అడిగితే మళ్లీ ఆర్డర్ ఇవ్వరేమోనని భయం.

ఆ భయం నాకూ ఉండేది. ఒక ఆఫీసుకు ర్యాకులు ఇచ్చి ఏడు నెలలు తిరిగాను. వెళ్లిన ప్రతిసారీ "బడ్జెట్ రాలేదు" అన్న మాటే. పైపు షాపులో బాకీ, ఇద్దరు వెల్డర్ల కూలి, అవి నెల కూడా ఆగవు కదా. చివరికి చట్టం తెలుసుకుని లెటర్ పెట్టాను. ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) అభివృద్ధి చట్టం, 2006లో 15వ సెక్షన్ ప్రకారం సరుకు ఒప్పుకున్న రోజు నుంచి ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే 16వ సెక్షన్ కింద రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ప్రభుత్వ ఆఫీసులకూ ఇది వర్తిస్తుంది. లెటర్‌కు జవాబు రాకపోతే ఆలస్యమైన బిల్లుల కోసం ఉన్న సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు వేశాను, అది ఇలాంటి గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లింది. విచారణ తేదీకి ముందే అసలు సొమ్ము నా ఖాతాలో పడింది. ఆ ఆఫీసు తరవాత కూడా నాకు ఆర్డర్ ఇచ్చింది.

దీనికి సరుకు ఇచ్చేనాటికే ఉద్యం ఉండాలి. డెలివరీ చలానా మీద తేదీ, ముద్ర, తీసుకున్నవాళ్ల పేరు తప్పకుండా రాయించుకోండి. జెమ్ ఆర్డర్ అయితే సరుకు అంగీకార పత్రం పోర్టల్‌లోనే వస్తుంది, అది వచ్చిన పది రోజుల్లో డబ్బు ఇవ్వాలన్నది అక్కడి నియమం.

నాకు కంప్యూటర్ రాదు. వయసు యాభై దాటింది. ఇప్పుడు నేర్చుకోగలనా?

మౌస్ పట్టడం వస్తే చాలు. ఇంట్లో డిగ్రీ చదివే కొడుకో కూతురో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, పేజీలు వాళ్లు తిప్పుతారు, ధర మీరు చెబుతారు. పోర్టళ్లలో ప్రాక్టీసు కోసం డెమో వీడియోలు, యూజర్ మాన్యువల్స్ ఉచితంగా ఉంటాయి. గెలవాలన్న ఆశ పెట్టుకోకుండా మొదట ఒక చిన్న టెండర్ వేయండి, ధరావతు తక్కువదీ, మీకు బాగా తెలిసిన సరుకుదీ. ధరలు తెరిచిన రోజు మిగతావాళ్లు ఎంత వేశారో చూసి నోట్‌బుక్కులో రాసుకోండి. రెండోసారికి ఆ పేజీ పనికొస్తుంది.

బిడ్ వేస్తుండగా కరెంటు పోతే?

అప్పటిదాకా సేవ్ అయినవి ఉంటాయి, మళ్లీ లాగిన్ అయి అక్కడి నుంచి కొనసాగించవచ్చు. మొబైల్ హాట్‌స్పాట్, ఛార్జింగ్ ఉన్న ల్యాప్‌టాప్ దగ్గర పెట్టుకోండి. డోంగిల్ సాఫ్ట్‌వేర్ ఆ ల్యాప్‌టాప్‌లో కూడా ముందే వేసి ఒకసారి లాగిన్ అయి చూసుకోండి.